గార్డెన్ రీచ్ నుంచి వచ్చిన ఫొటో

మొన్న కలకత్తాలో సాల్ట్ లేక్ వెళ్ళే మెట్రోలో నా ఎదురుగా ఒక పాతికేళ్ళ ఉద్యోగస్తుడు నిలబడ్డాడు. మెడలో ఆఫీసు కార్డు, ఒంటిమీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నడుం కింద మాత్రం చీలమండల దాకా జారే నల్లటి కుచ్చిళ్ళ స్కర్టు. పెట్టెలో నేను తప్ప ఎవరూ తలెత్తి చూడలేదు. నేను చూసింది కూడా వింతకు కాదు, దానికి జేబులున్నాయో లేవో తెలుసుకోవాలని. అడగడానికి మొహమాటపడి నా స్టేషన్లో దిగిపోయాను గానీ, ఆ పూటంతా పాత సంగతులే గుర్తొచ్చాయి.

ఇంటర్నెట్టు టెలిఫోను తీగలోంచి కీచుమంటూ ఇంట్లోకి వచ్చిన రోజులు నా ఈడు వాళ్ళకు జ్ఞాపకముండే ఉంటాయి. బ్యాంకు నన్ను విశాఖపట్నం నుంచి కలకత్తా బదిలీ చేసింది ఆ రోజుల్లోనే. ఎర్రజెండాల ఊరేగింపు అడ్డం వచ్చి బస్సు ఆగిపోతే, చెమటకు కాళ్ళకంటుకుపోయిన ప్యాంటుతో గంటసేపు నిలబడి, ఇల్లు చేరి లుంగీ కట్టుకున్నాకగానీ ప్రాణం కుదుటపడేది కాదు. ఇంత హాయైన బట్ట ఆఫీసుకెందుకు పనికిరాదా అన్న అనుమానంతో ఒక ఆదివారం కంప్యూటరు ముందు కూర్చుని వెతికితే, మగవాళ్ళు తమకు నచ్చిన బట్ట కట్టుకునే స్వేచ్ఛ గురించి ఉత్తరాలు రాసుకునే ఒక గ్రూపు దొరికింది. దాన్ని పెట్టినాయన కలకత్తాలోనే ఉండే బెంగాలీ, అందరికీ దాదా, అంటే అన్నగారు; రిటైరైన భూగోళం మాస్టారు. నేను వరసగా ప్రశ్నలు వేస్తూ పోతే, నీకు కుతూహలం ఎక్కువ, కోపం తక్కువ, ఈ పనికి నువ్వే తగినవాడివని నన్ను మోడరేటరును చేసేశాడు.

పనల్లా, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ముందుగా నేను చదివి, గ్రూపులోకి పంపడమో ఆపడమో. తిట్లు, వెకిలి మాటలు కూడదు. ఎవరి ఊరూ వీధీ బయటపడకూడదు. మిలిటరీలో పనిచేసినాయన గౌనులో తోటపని చేసుకుంటే ఎంత సుఖమో రాసేవాడు. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి తన నడకే మారిపోయిందని నాలుగు పేజీలు రాశాడు. మొదట్లో నా వాలకం చూసి మూతి ముడిచిన మా ఆవిడ కూడా, కాఫీ గ్లాసుతో వచ్చి గౌనాయన ఇవాళేం రాశాడని అడగడం మొదలుపెట్టింది.

ఆ గ్రూపులోకి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ ఒక దర్జీ వచ్చాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా కార్పొరేషనులో పారిశుధ్యం పని చేసి పోయాడట. ఇతను రేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో ఆడవాళ్ళ ఘాగ్రాలు కుట్టే కార్ఖానాలో పని. ఘేరు, అంటే కింది అంచు చుట్టు, సరిగా తిరుగుతోందో లేదో చూడడానికి కుట్టినదాన్ని తానే కట్టుకుని గిర్రున తిరిగేవాడినని, తిరగ్గా తిరగ్గా విప్పబుద్ధి కాలేదని రాశాడు. కొన్నాళ్ళకు తన కోసం కుట్టుకున్న నీలం ఘాగ్రాలో, తలెత్తుకుని నవ్వుతున్న ఫొటో పంపాడు. నాకెంత ముచ్చటేసిందంటే, కింద తన వీధి పేరు రాసుకున్న సంగతి చూసుకోకుండా గ్రూపులోకి పంపేశాను.

మూడోనాడు అతని దగ్గర్నుంచి రెండే వాక్యాలు వచ్చాయి. గ్రూపులోవాళ్ళెవరో ఆ వీధి పేరుతో ఆరా తీసి, ఫొటో అచ్చుతీసి కార్ఖానా గోడకు అంటించారట. యజమాని రేపట్నుంచి రావద్దన్నాడట. వెంటనే ఫొటో తీసేసి, శనివారం బ్యాంకు కాగానే బస్సెక్కి, ఆ వీధి పేరు పట్టుకునే అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఒకే గది, కిటికీ పక్కన కుట్టుమిషను. వాళ్ళమ్మ పీట వేసింది. తప్పు నాదేనని, క్షమించమని, ఫొటో అప్పుడే తీసేశానని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అంతవరకు తల వంచుకు కూర్చున్నవాడు చివరి మాటకు చివ్వున తలెత్తాడు.

"ఎవుర్నడిగి తీసీసినారు దాదా? ఈది పేరు తీసీండి, ఒప్పుకుంటాను. నా బొమ్మేటి చేసింది? ఆల్లు గోడకంటించి నవ్వినారు, మీరు తప్పని తీసీసినారు. రెండూ నాకొక్కలాగే ఉన్నాయి."

నేను వాళ్ళమ్మ వైపు చూశాను. ఆవిడ టీ గ్లాసు నా చేతికిస్తూ, "ఈడి బాబు బతికున్నన్నాళ్ళూ లుంగీలోనే ఉన్నాడు గదా బాబూ. అదీ గుడ్డే, ఇదీ గుడ్డే. కుచ్చిళ్ళుంటే ఏటి, కొంపలంటుకుపోతాయా?" అంది. అంత సేపట్లో అతను మొదటిసారి నవ్వాడు.

ఇంటికెళ్ళి వీధి పేరు తీసేసి, పంపమంటావా అని ముందు అతన్నే అడిగి, ఫొటో మళ్ళీ పెట్టాను. ఆ అచ్చు తీసిన మనిషెవరో ఎంత వెతికినా తేలలేదు. గ్రూపులో మాత్రం ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మిలిటరీ ఆయన గౌనుకు కొలతలు పంపాడు, ఆయన వెనకే మరికొందరు పంపారు. దర్జీ తిరిగి కార్ఖానాకు వెళ్ళలేదు, ఆ గదిలోనే సొంత మిషను మీద నిలదొక్కుకున్నాడు. ఆ తర్వాత ఎవరి ఉత్తరం ఆపాల్సి వచ్చినా, రాసినవాడినొక మాట అడగందే నా చెయ్యి ముందుకు పోయేది కాదు.

కాలక్రమాన జనం కొత్త సైట్లకు తరలిపోయారు. మాస్టారు కాలం చేశారు. ఒకనాడు ఆ సర్వీసే మూతపడి ఉత్తరాలన్నీ మాయమయ్యాయి. ఒక్కదానికీ నకలు దాచుకోలేదు నేను. ఇప్పుడు ఎవరి ఫొటోకీ నాలాంటివాడి అనుమతి అక్కర్లేదు, అది మంచికే. కానీ ఆ ఫొటోల కింద మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఒక్క మాటతో దాటిపోతున్నారు; నీకెందుకలా అనిపించిందని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవాళ్ళు కనబడరు. ముక్కూ మొహం తెలియని మనిషి ఏం రాశాడోనని తెల్లారగానే మొహమైనా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చున్న ఆ ఆత్రం, ఆ తర్వాత నాకు మరి దేనిమీదా కలగలేదు.