పళ్ళాయన చేసిన అంగిలి

మా మరిది గురించి చెప్పమంటే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది. ఆ రెండూ అయ్యాకే మాట మొదలవుతుంది. మధ్యలో ఎవరినైనా తిడితే ఏమీ అనుకోకండి. ఉద్యోగమంతా బస్సులో టిక్కెట్లు టిక్కెట్లు అని అరిచిన నోరిది, మెల్లగా మాట్లాడటం దీనికి చేతకాదు.

మరిది అంటే మా చెల్లెలి మొగుడు. వీధంతా పళ్ళాయన అంటారు. కట్టుడు పళ్ళు చేస్తాడు. ఆ పేరు విని వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు సంచీ పట్టుకుని అరటిపళ్ళకి వచ్చేవాళ్ళు. బల్ల మీద వరసగా నోళ్ళు తెరుచుకున్న దవడల్ని చూసి, సంచీ చంకలో పెట్టుకుని వచ్చిన దారినే పోయేవాళ్ళు. ఆయన డాక్టరు కాదు. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి ఆ నోటిని బల్ల మీద నిలబెడతాడు. దాని మీద మైనం పరిచి, మైనంలో పళ్ళు గుచ్చి, ఆఖరికి గులాబీరంగు చిగుళ్ళతో సెట్టు చేసి పంపిస్తాడు. జుట్టు నిండా ఎప్పుడూ ప్లాస్టర్ పొడే. అందుకని ఆయనకి నిజంగా ఎప్పుడు నెరిసిందో మాకెవరికీ తెలీదు.

నోట్లో నాలుక లేని మనిషి. పైగా ఎదుటివాళ్ళ కళ్ళు చూడడు, నోరు చూస్తాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నా మూతి వంకే గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడు. "ఏం బాబూ, నా మూతికేమైనా అంటుకుందా?" అని కసిరాను. "లేదండీ. మీరు కుడివైపు నమలడం మానేసి చాలా కాలమైనట్టుంది" అన్నాడు. నిజమే, కుడి దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదెక్కడి గోలరా దేవుడా అనుకున్నాను.

నోటి సంగతి ఎత్తితే మాత్రం ఆ మనిషే వేరు. ఒకసారి నా వేలు పట్టుకెళ్ళి ఒక ప్లాస్టర్ అంగిలి మీద పెట్టాడు. "ముందు పళ్ళ వెనకాల ఈ ముడతలు చూశారా వదినా? ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. ఇదిగో, ఇంతవరకూ గట్టి అంగిలి, లోపల ఎముక. ఇక్కణ్ణుంచి మెత్తనిది, దాని చివర కొండనాలుక. మన నాలుక గోడ పట్టుకుని నడిచే ముసలమ్మలాంటిది. త అనాలంటే పళ్ళ వెనక ఆనుతుంది, ట అనాలంటే మడతపడి పైకప్పుకి తగులుతుంది, క అనాలంటే వెనకభాగం లేస్తుంది. గోడే లేకపోతే పాపం అది దేన్ని పట్టుకుంటుంది? గాలంతా ముక్కులోకి పోతుంది." నాకెందుకయ్యా ఈ పురాణం, నేను టిక్కెట్ అంటే చాలు అన్నాను. "ఆ ఒక్క మాటకే మీ నాలుక ఎన్నిసార్లు పైకెక్కి దిగుతుందో చూసుకోండి" అన్నాడు. ఆ రోజు డ్యూటీలో నా టిక్కెట్ నాకే తడబడింది. వాడి నోరు పడిపోను అని తిట్టుకున్నాను. అప్పుడు నవ్వుతూనే తిట్టుకున్నాను లెండి.

ఇక మా చెల్లెలు. పుట్టుకతో వాగుడుకాయ. చిన్నప్పుడు నిద్రలో కూడా ఎవరితోనో పోట్లాడేది. వెనక గదిలో మొగుడు అరగదీస్తూ కూర్చుంటే, ముందు గదిలో ఇది ఫోను దగ్గర కూర్చునేది. డాక్టర్లు, వాళ్ళ కాంపౌండర్లు, సెట్టు వదులైందని వచ్చే ముసలాళ్ళు, అందరితో ఇదే మాట్లాడేది. "అచ్చు అలా వంకరగా తీస్తారా డాక్టరుగారూ? లేని దవడని ఊహించుకోడానికి మా ఆయనేమైనా బ్రహ్మదేవుడా?" అని ఫోన్లో దులిపేసేది. అవతలివాళ్ళు నవ్వుకుంటూ మళ్ళీ అచ్చు తీసి పంపేవాళ్ళు. ఆయన చేతులు, దీని నోరు. ఆ సంసారం అలా నడిచింది. పిల్లలు లేరు. ఆ గదుల్లో ఇద్దరే అయినా, బయట నిలబడితే పదిమంది ఉన్నట్టు వినపడేది.

దీనికి పైదవడలో, లోపలి పళ్ళ పక్కన, చిన్న పుండు లేచింది. కనిపెట్టింది ఆయనే. ఇది పకపకా నవ్వుతుంటే చూశాడట. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ మనిషి నిర్లక్ష్యం చేసే రకం కాదు. వీధిలో కొందరు తర్వాత ఏవేవో వాగారు. వాళ్ళ నోళ్ళలో మన్ను పడ.

క్యాన్సర్ గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి పైదవడ కుడివైపు సగం తీసేశారు. పళ్ళతో సహా, అంగిలితో సహా. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోయింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. మాట్లాడితే కుండలో మూతిపెట్టి మాట్లాడినట్టుండేది. నాకు సగం అర్థమయ్యేది. ఆయనకి మొత్తం అర్థమయ్యేది, ఆయన ఎటూ నోరు చూసేవాడే కదా. మిగతా లోకానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఫోను మోగితే అలవాటుగా ఎత్తింది. అవతలివాళ్ళు "ఎవరు? ఎవరండీ?" అని విసుక్కుని పెట్టేశారు. అది ఫోను మీద చేతిరుమాలు కప్పి లోపలికెళ్ళిపోయింది. ఆ తర్వాత నోరు మెదపలేదు. నేను ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ వాగేదాన్ని. అది తలూపేది. నా చెల్లెలు తలూపడం ఏంటండీ!

ఇలాంటివాళ్ళకి అంగిలి బదులు ప్లేటు చేసి పెడతారు. కన్నాన్ని మూసే బిరడా, దానికే పళ్ళు. అది సరిగ్గా కుదిరితే మాటొస్తుంది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు, బయట ఎవరిచేతనైనా చేయిద్దాం, సొంతవాళ్ళకి చేస్తే చెయ్యి నిలవదు అన్నాడు. మా మరిది జన్మలో మొదటిసారి ఒకరికి ఎదురుచెప్పాడు. "ఆమె నోరు నాకు తెలుసు సార్. నేనే చేస్తాను."

చేశాడు. ఎన్ని మైనాలు కరిగించాడో, ఎన్ని పారేశాడో. దాని కోరపన్ను కొంచెం ముందుకు ఎక్కి ఉండేది. అది కూడా అలాగే వంకరగా గుచ్చాడు. ప్లేటు పెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. తాగింది. ముక్కులోంచి చుక్క రాలేదు. ఇది గ్లాసు కింద పెట్టి, "ఏంటండీ అలా నోరెళ్ళబెట్టారు? ఈగ దూరుతుంది" అంది. అదే గొంతు. మావాడు కూర్చున్నచోటే మోకాళ్ళలో తల దూర్చి ఏడ్చాడు. ఆ సాయంత్రం ఇది పనీ పాటా లేకుండా డాక్టర్లందరికీ ఫోన్లు చేసింది. వద్దంటే వినదే!

ఎండలు మొదలయ్యాక నొప్పి మొదలైంది. "వెనకవైపు ఎక్కడో గుచ్చుకుంటోందండీ" అంది. ఆ పనిలో ఇది మామూలే. సెట్టు గుచ్చుకుంటే, పుండు పడినచోట ఊదారంగు పెన్సిలుతో గుర్తు పెడతారు. సెట్టు నోట్లో పెట్టి తీస్తే ఆ రంగు సెట్టుకి అంటుతుంది. అంటినచోట అరగదీస్తారు. పుండు మానిపోతుంది. ఆయన జీవితమంతా అలాగే చేశాడు, ఎన్ని నోళ్ళు బాగుపడ్డాయో లెక్కలేదు. దీనికీ గుర్తు పెట్టాడు, అరగదీశాడు. కొన్నాళ్ళు హాయిగా ఉందంది. మళ్ళీ గుచ్చుకుంది. మళ్ళీ గుర్తు, మళ్ళీ అరగదీత. రంగు ఎప్పుడూ ఒకేచోట అంటేది. ఒకరోజు రక్తం వచ్చింది. అంచు పదునుగా ఉండిపోయింది, నాదే పొరపాటు అన్నాడు.

డాక్టరు నెలనెలా వచ్చి చూపించుకోమన్నాడు కదా, పదండి అని నేను ఎగిరాను. మా మరిది లేచి చొక్కా కూడా వేసుకున్నాడు. నా చెల్లెలు ఒప్పుకోలేదు. ఆయన్ని వెనక గదిలోకి పంపేసి నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెళితే ఆయన పని బాలేదంటారక్కా. చెప్పానా లేదా అంటాడు ఆ పెద్ద డాక్టరు. ఇది తీసిపారేసి బయటివాళ్ళచేత చేయిస్తారు. నొప్పి తగ్గనీ, బాగా కుదిరాక వెళ్ళి దర్జాగా చూపిద్దాం" అంది. "నీ దర్జా తగలెయ్య!" అని అరిచాను. వినలేదు. పంటి బిగువున నవ్వుతూ ఫోనెత్తి ఎవరినో దులపడం మొదలుపెట్టింది. ఆ గొంతు వింటూ వెనక గదిలో ఆయన హాయిగా పని చేసుకునేవాడు. గొంతు బాగుంది కాబట్టి మిగతాదంతా బాగుచేసుకోగలననుకున్నాడు పిచ్చి మారాజు.

ఆఖరికి ఒక పొద్దున ప్లేటు లోపలికి పోలేదు. వేడినీళ్ళలో కడిగితే వంగిపోయి ఉంటుంది, కొత్త అచ్చు తీయించాలి అన్నాడు మా మరిది. అందుకోసం వెళ్ళాం ముగ్గురం. ఆయన అరగదీసిన ప్లేటుని రుమాల్లో చుట్టి తెచ్చాడు.

పెద్ద డాక్టరు అచ్చు తీసే గిన్నె చేతిలో పట్టుకుని దీని నోట్లోకి లైటు వేశాడు. వేసి, గిన్నె బల్ల మీద పెట్టేశాడు. వేలితో మెడ కింద తడిమాడు. ప్లేటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది వంగలేదు. నోట్లో గడ్డ మళ్ళీ పెరిగింది, అందుకే పట్టడం లేదు" అన్నాడు. మెడలోకి కూడా పాకిందన్నాడు. తర్వాత దీన్నే అడిగాడు. "నొప్పి ఎప్పట్నుంచమ్మా?"

ప్లేటు లేదుగా. ఆ కుండ గొంతుతోనే ఏదో చెప్పింది. డాక్టరుకి అర్థంకాక మా మరిది వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

నాకు అర్థమైంది. మొన్నటినుంచే అంది. మొగుణ్ణి కాపాడుకుంటోంది వెర్రిబాగుల్ది.

మా మరిది దాని నోటివంక చూశాడు. "ఎండలు మొదలైన దగ్గర్నుంచీ అంటోంది సార్" అన్నాడు. ఇది ఆయన చెయ్యి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆయన ఆగలేదు. "అప్పుడే వచ్చి ఉంటే?" అని అడిగాడు. ఈసారి డాక్టరు కళ్ళలోకే చూస్తూ అడిగాడు.

"ఏదో ఒకటి చేసి చూసేవాళ్ళం" అన్నాడు డాక్టరు. ఇప్పుడు నొప్పి తగ్గడానికి మందులు రాస్తానన్నాడు.

నా చెల్లెలు డాక్టరు చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఇంకేదో చెప్పింది, గట్టిగా, ముక్కులోంచి, ఒకటికి రెండుసార్లు. డాక్టరు మళ్ళీ మా మరిదినే చూశాడు. ఆయన నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు డాక్టరు నన్ను చూశాడు.

"ఆయన తప్పేం లేదంటోంది సార్" అన్నాను.

డాక్టరు ప్లేటుని ఆయన చేతిలో పెట్టి, "నిజమేనమ్మా, ప్లేటులో ఏ తప్పూ లేదు. చాలా బాగా చేశారు" అన్నాడు.