మరకలేని తొమ్మిది రోజులు

పాపకి రెండు నెలలు నిండిన వారంలో దేశ రాజధానిలో మేముండే ఆర్.కె. పురం మీద పొగమంచు దిగింది. మిట్టమధ్యాహ్నం కూడా ఎదుటి క్వార్టర్లు కనపడేవి కావు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో నేనూ, పాపా.

అంతవరకూ రోజుకి నాలుగైదుసార్లు దొడ్డికి వెళ్ళే పిల్ల ఉన్నట్టుండి మానేసింది. ఉచ్చ మాత్రం పోసేది. ఉతికిన గుడ్డలు ఒక్క పసుపు మరకైనా లేకుండా తీగ మీద వేలాడుతుంటే, ఈ ఇంట్లో అసలు పసిపిల్ల ఉందా అనిపించేది. ఐదు రోజులు. ఆరు. నా పాలు బాగానే తాగేది, ఏడ్చేది కాదు. గది మూలకేసి చూస్తూ, ఎవరినో గుర్తుపట్టినట్టు నవ్వేది. నేనూ అటు తిరిగి చూసేదాన్ని. ఉత్త గోడ.

తాగిన పాలన్నీ ఎటు పోతున్నాయి? ఏడో రోజు పాప పొట్టకి చెవి ఆనించాను. లోపల ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు చప్పుడు. అత్తయ్యకి ఫోన్ చేశాను.

"తమలపాకు కాడ ఆముదంలో ముంచి ఆసనంలో పెట్టమ్మా, దొడ్డికి వస్తుంది. మా పిల్లలకి అదే చేశాం," అన్నారు ఫోన్లో అత్తయ్య.

మా ఆయన మునిర్కా బజారుకి వెళ్ళి ఆకులు తెచ్చారు. తొమ్మిదో రోజు పొద్దున పాప కాళ్ళు పైకెత్తి పట్టుకున్నాను. పాప నవ్వు ఆపేసి, పెద్దమనిషిలా నన్నే చూసింది. ఆముదంలో ముంచిన కాడ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే బెల్లు మోగింది. కింద ఇంట్లో ఉండే ఆంటీ. భీమవరం వైపు మనిషి, పసిపిల్లల వార్డులో నర్సు. డ్యూటీ దిగి వస్తూ పాపని చూడ్డానికి వచ్చింది.

"ముందా కాడ అవతల పారెయ్యి తల్లీ! లోపల గీరుకుంటే రక్తం వస్తుంది," అంటూ పాప పొట్ట తడిమింది. "మెత్తగా ఉంది. పాలు తాగుతోందా? గుడ్డలు తడుపుతోందా?"

"ఊఁ."

"మరింకేం? తల్లిపాలు తాగే పిల్లలు నెల దాటాక వారం, పది రోజులు వెళ్ళకపోయినా మామూలే. పాలు ఒంటికి పట్టేస్తాయి. పొట్ట గట్టిగా ఉబ్బినా, వాంతులైనా, పాలు మానేసినా అప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తు."

ఆ సాయంత్రం నా ఒళ్ళోనే అయింది. మెత్తగా, పచ్చగా, వెచ్చగా, చీర కుచ్చిళ్ళదాకా. నవ్వుతూ ఏడ్చేశాను.

"చూశావా! మలబద్ధకమైతే గట్టి ఉండలొస్తాయి," అంది ఆంటీ ఫోన్లో.

తర్వాత కూడా పాప ఐదారు రోజులకోసారే వెళ్ళేది. నేను కంగారుపడలేదు. ఆంటీ ఆ పొద్దున ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటేనో అన్న ఊహ మాత్రం ఇప్పటికీ వంటచేస్తుంటే హఠాత్తుగా వస్తుంది. స్టవ్ కట్టేసి, వెళ్ళి పాపని తాకి వస్తాను.