టార్చి వెయ్యని మధ్యాహ్నం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను పంజగుట్టలోని ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగానికి ఇన్‌ఛార్జి టెక్నీషియన్‌గా వేశారు. పన్నెండు మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. కిడ్నీలు పనిచెయ్యని మనిషి రక్తాన్ని మిషన్ గుండా పంపి శుభ్రం చేయడం, ఒంట్లో చేరిన అదనపు నీటిని తీసేయడం మా పని. వారానికి మూడు సెషన్లు, ఒక్కొక్కటి నాలుగు గంటలు. సెషన్లు తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే రాని పేషెంటుకు ఫోన్ చేయడం, డాక్టరుకు చెప్పడం, రిజిస్టర్లో రాయడం ఇన్‌ఛార్జి బాధ్యత. మాది గుంటూరు, గొంతు కాస్త పెద్దది. ఆ ఫోన్లు కసురుతూనే చేసేదాన్ని.

యాదగిరి గారు సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి షిఫ్టుకు వచ్చేవారు. అమీర్‌పేటలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం, అందులో ప్రాణమున్న పగడాలు. మేం మిషన్లకు వాడే ఆర్.ఓ. నీటి గురించి ఆయన అడిగినన్ని ప్రశ్నలు మా జూనియర్లు కూడా అడగలేదు. అలాంటి మనిషి ఒక వారం సోమవారం రాలేదు, బుధవారమూ రాలేదు. నా ఫోన్లకు విసిగి స్విచ్చాఫ్ చేసేశారు. బుధవారం డ్యూటీ దిగగానే ఫైల్లోని అడ్రసు పట్టుకుని మెట్రో ఎక్కాను. ఒక్క స్టేషను.

ఆయన అక్వేరియం ముందు స్టూలు మీద ఉన్నారు, చేతిలో టార్చి. పాదాలు బూరెల్లా ఉబ్బాయి. మాట్లాడితే ఆయాసం. శనివారం రాస్ అనే చేపను తెచ్చారట. ఆకుపచ్చ ఒళ్లు, గులాబీ చారలు. నీళ్లలో వదలగానే అడుగున ఉన్న ఇసుకలో దూరింది, మళ్లీ కనబడలేదు.

“మేడం, గది ఇసుకల్నే సచ్చిపోతే నీళ్లు ఖరాబైతయి. తొమ్మిదేండ్ల సంది పెంచిన పగడాలు సుత పోతయి. ఎట్ల ఇడిసిపెట్టి రావాలె?” అన్నారు. భార్య సుగుణ గారు గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నారు.

నేను తిట్టడానికే వెళ్లాను. ఆ పాదాలు చూశాక నోరు రాలేదు. డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పి, “ఇక్కడ నేను కూర్చుంటానండీ. మూడో షిఫ్టులో మిషన్ ఖాళీగా ఉంది, మీరు వెళ్లండి” అన్నాను. ఆయన నా మొహం చాలాసేపు చూసి టార్చి నా చేతిలో పెట్టారు. పది నిమిషాలకోసారి ఇసుక మీద వెలుగు వెయ్యాలి, గాజు మీద తట్టాలి, చచ్చి తేలితే వెంటనే వలతో తీసేయాలి. చంటిపిల్లను అప్పజెప్పినట్టు జాగ్రత్తలన్నీ చెప్పి, భార్యతో ఆటో ఎక్కారు.

తెల్లవారుజామున లేచిన ఒళ్లు. కుర్చీలో కూర్చోగానే నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి టార్చి ఒళ్లోనే ఉంది, ఒక్కసారీ వెయ్యలేదు. తలెత్తి చూస్తే పగడాల మధ్య ఆకుపచ్చ చేప ఒకటి తాపీగా తిరుగుతోంది. అంతకుముందెన్నడూ చూడని ఆ చేప మీద నాకంత ప్రేమ ఎక్కడిదో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

విభాగానికి ఫోన్ చేస్తే జూనియర్ ఫోను తీసుకెళ్లి యాదగిరి గారి చెవి దగ్గర పెట్టాడు. చేప బయటికి వచ్చిందని చెప్పాను. “నాలుగు దినాల సంది నేను కూసుంటే రాలె, మీకు గింత జల్ది ఎట్ల వచ్చింది?” అన్నారు. టార్చి వెయ్యలేదని, నిద్రపోయానని ఒప్పుకున్నాను.

“అంటే నేనే బెదరగొట్టిన్నా మేడం?” అని నవ్వారు.

తిరిగి వస్తూ మెట్రోలో నా ఫోన్ చూసుకున్నాను. రెండు రోజుల్లో వరసగా ఆయన పేరే. ఆయన ఎత్తిన ప్రతిసారీ, రాకపోతే చచ్చిపోతారనే చెప్పాను. ఎందుకు రాలేదని ఒక్కసారీ అడగలేదు.

ఆ తర్వాత సెషన్ తప్పినవాళ్లకు ఫోన్ చేస్తే ముందు ఇంట్లో సంగతి అడిగేదాన్ని. అడిగి ఊరుకునేదాన్ని. అవతలివాళ్లు నోరు విప్పేదాకా ఊరుకోవడం మా శిక్షణలో లేదు. రిటైరయ్యేలోగా జూనియర్లకు నేను కొత్తగా నేర్పింది అదొక్కటే.