తెల్లకణాలు వెళ్ళిన చోటు

ఆ రోజు పొద్దున నా చేతిలోంచి పెద్ద సిరంజి నిండా రక్తం తీసి పక్క గదిలోకి పట్టుకెళ్ళారు. అందులోంచి తెల్లకణాలను వేరు చేసి, వాటికి ఒక గుర్తు తగిలించి, తిరిగి నాకే ఎక్కిస్తామన్నారు. రెండు గంటలు పడుతుందట. ఆ రెండు గంటలూ స్కానింగ్ సెంటర్లో కుర్చీ అంచున కూర్చుని నేను ఒకటే అనుకున్నాను: బయటికి వెళ్ళొచ్చిన కణాలు తమ పని మర్చిపోతే?

నవ్వొచ్చే భయమే. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని, కణాలు మనుషుల్లా బెంగపెట్టుకోవని తెలుసు. కానీ భవానీపురంలో, మా ఇంట్లో, ఐదు నెలల పాపను అత్తయ్య చేతిలో పెట్టి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం దాకా దాన్ని ఎత్తుకోకూడదు, పాలివ్వకూడదు. పాప గురించి పడాల్సిన భయమే కణాల మీదికి మళ్ళిందేమో.

పాపకు మూడో నెల వచ్చినప్పటి నుంచి నాకు జ్వరం. పెద్దది కాదు. సాయంత్రం నాలుగింటికి వచ్చి, చెమటలు పట్టించి, ఎనిమిదింటికి పోతుంది. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని రక్తపరీక్ష ప్రతిసారీ చెబుతోంది. ఎక్కడో మాత్రం చెప్పదు. జ్వరం ఎందుకో మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

"మూడో నెల్లోనే పుల్ల పెరుగు తిన్నావు. పథ్యం లేకపోతే జ్వరం రాదా మరి?" అత్తయ్య.

"ఆ ఏసీ కట్టెయ్యవే ముందు," ఫోన్లో మా అమ్మ.

"నువ్వు ఫోన్లో జబ్బుల గురించి చదవడం మానేస్తే సగం తగ్గుద్ది," మా ఆయన.

నా అనుమానం ఎడమ తొడ మీద. కాలేజీ రోజుల్లో స్కూటీ మీంచి పడితే ఎముక విరిగి, లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఇన్నేళ్ళూ దాని ఊసే లేదు. ఇప్పుడు సాయంత్రాలు మోకాలికి పైన ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టు ఉంటోంది. ఆ లోహం వల్ల మిగతా స్కానింగుల్లో అక్కడంతా మసకగా వచ్చింది.

పోయిన వారం డాక్టరుగారు, ఒళ్ళో ఉన్న పాపను చూస్తూ నాతో చెప్పారు. "ఎక్కడుందో తెలియకుండా మందులు పెంచుకుంటూ పోతే ఏదో ఒక రోజు పాలు మాన్పించాల్సి వస్తుందమ్మా. చోటు తెలిస్తే దానికి తగ్గ మందు, పాపకు ఇబ్బంది లేనిది, ఎంచుకోవచ్చు. మీ తెల్లకణాలనే అడుగుదాం. ఎక్కడ గొడవ ఉంటే అవి అక్కడికి పోతాయి. కెమెరాతో వాటి వెంట మనం పోదాం."

ఆ గుర్తు రేడియోధార్మిక పదార్థం. కొన్ని గంటల్లో దాని బలం సగమవుతుంది, ఇంకొన్ని గంటల్లో ఆ సగంలో సగం. అందుకే ఒక రోజు దూరం. నేను నాలుగు రోజుల ముందు నుంచీ పాలు పిండి, డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో దాచాను.

సూది వేసే ముందు టెక్నీషియన్ గారిని అడిగాను. యాభై దాటిన మనిషి, రోజూ కొండపల్లి నుంచి రైల్లో వస్తారట.

"ఇవి నావేనంటారా?"

"మూడు చోట్ల మీ పేరు రాశానమ్మా. కావాలంటే నాలుగో చోట మీరు రాయండి."

తర్వాత నన్ను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. తలుపు అవతల, కారిడార్లో ఎవరిదో పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. మా పాప గొంతు కానే కాదు, ఇంకా సన్నంగా ఉంది. అయినా నా రొమ్ములు బిగుసుకున్నాయి. నేను మోచేతులు అదిమిపెట్టుకునేలోపే పాలు వచ్చేశాయి. జాకెట్టు తడిసి, దాని మీదున్న పైట తడిసింది. ఎవరి బిడ్డో తెలియకుండానే నా ఒళ్ళు జవాబు చెప్పేసింది.

కెమెరా కింద ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నా చేత కాలేదు.

"కాలు కదపకండమ్మా."

"కదపలేదండీ."

"కదిపారు. మీరు చెప్పకపోయినా ఈ బొమ్మ చెబుద్ది."

సాయంత్రం మళ్ళీ తీశారు. రేపటి బొమ్మతో పోల్చి చూస్తే గాని ఏమీ అనలేమన్నారు. మా ఆయన గన్నవరంలో ఆఫీసు నుంచి నేరుగా వచ్చి నన్ను ఇంటికి తీసుకొచ్చారు.

అత్తయ్యకు రేడియోధార్మికత గురించి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కున్నాను. అవసరం లేకపోయింది. ఆవిడ అప్పటికే ముందుగదిలో నాకు చాప, పళ్ళెం, గ్లాసు విడిగా పెట్టేశారు.

"పురిట్లో ఎన్ని రోజులు విడిగా ఉన్నావు? ఇది ఒక్క రోజేగా. గుమ్మం దాటకు, అంతే."

చీర మార్చుకుని, పాలు పిండి సింకులో పారబోశాను. తెల్లగా తిరుగుతూ పోతుంటే చూడలేక ట్యాపు పెద్దగా తిప్పాను. లోపల పాప సీసాను ఉమ్మేస్తోంది. అత్తయ్య ఉగ్గుగిన్నెతో పోస్తే సగం మెడ మీదికి కారిందట. ఏడుపు పెరిగింది, గొంతు బొంగురుపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడతాను, మళ్ళీ వెళ్ళి చాప మీద కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. నుదురు ముట్టుకుని చూసుకుంటాను. ఆ రోజు జ్వరం వచ్చిందో రాలేదో కూడా నాకు గుర్తు లేదు.

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది.

తొంగి చూశాను. కొక్కేనికి చీర ఉయ్యాల కట్టి ఉంది. పాప అందులో చెంప ఆనించి నిద్రపోతోంది. ఆ చీర నేను ఇందాక విప్పి బాత్రూమ్ బయట బకెట్లో పడేసింది. పాలతో తడిసింది.

"అత్తయ్యా, ఆ చీరెందుకు కట్టారు?"

"నెమ్మది, నిద్రపోయిందిప్పుడే. అన్నిట్లోకీ మెత్తటి చీర అదే. మా పెడన మగ్గం మీదిది. నీ వాసన తగిలేసరికి ఎలా పడుకుందో చూడు."

"దాని మీద నా పాలు పడ్డాయత్తయ్యా! సూది వేశాక పడ్డాయి!"

ఆవిడ ముఖం పాలిపోయింది. "నిన్ను ముట్టుకోవద్దన్నారు. చీర గురించి అనలేదుగా," అన్నారు చిన్నగా.

నిజమే. నేనే చెప్పలేదు. పళ్ళెం గురించి చెప్పాలనుకున్నాను, దుప్పటి గురించి చెప్పాలనుకున్నాను. పాత చీర కనబడితే ఆవిడ చేతులు ఉయ్యాల కడతాయని నాకు తెలిసి ఉండాల్సింది.

సెంటర్ వాళ్ళిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది ఆ టెక్నీషియన్ గారే. ఏడుస్తూ చెప్పాను. ఆయన అంతా విన్నారు. "పాప తాగలేదుగా? తడి ఆరిపోయిందా? అయితే ఏం పర్లేదమ్మా. ఆ మరకలో ఉండేది చాలా కొంచెం. చీర తీసేసి, పాపకు ఒళ్ళు తుడిచి బట్టలు మార్చమనండి. చీర కవర్లో వేసి రేపు తీసుకురండి, మీ కళ్ళ ముందే చూపిస్తా."

పర్లేదన్నారు కదా అని మా ఆయన నాలుగుసార్లు అన్నారు. నాలుగుసార్లూ అవునన్నాను. ఉయ్యాల విప్పగానే పాప లేచి ఏడ్చింది. తెల్లారేదాకా అత్తయ్య దాన్ని భుజాన వేసుకుని తిరుగుతూనే ఉన్నారు.

మర్నాడు చివరి బొమ్మ కోసం చీర కవరు ఒళ్ళో పెట్టుకుని ఫ్లైఓవర్ మీదుగా ఆటోలో వెళ్ళాను. టెక్నీషియన్ గారు రేడియేషన్ కొలిచే చిన్న మీటరు తెచ్చి ముందు గోడ దగ్గర పెట్టారు. టిక్, టిక్. తర్వాత చీర మడతల మీద పెట్టారు. టిక్, టిక్. అదే నెమ్మది.

"గోడకెంతో చీరకీ అంతే. ఇంక ఉతుక్కోండి."

ఆ తర్వాత కెమెరా కింద నేను కదల్లేదు. ఆయన బొమ్మలు చూస్తుంటే అడిగాను, "ఏమైనా కనిపించిందాండీ?"

"నేను చెప్పకూడదమ్మా. డాక్టరుగారు చెబుతారు." అలా అంటూనే తెర నా వైపు తిరిగి ఉన్నా ఆయన దాన్ని పక్కకు తిప్పలేదు. కాలేయం, ప్లీహం దట్టంగా మెరుస్తున్నాయి, అవి అందరికీ అంతేనట. కింద, ఎడమ తొడలో, మోకాలికి కొంచెం పైన ఒక చుక్క. బొట్టుబిళ్ళంత. మొదటి రోజు బొమ్మలో పలచగా ఉన్నది ఇప్పుడు చిక్కబడింది. కణాలు తమ పని మర్చిపోలేదు. రాత్రంతా ఒక్కొక్కటే నడిచి వెళ్ళి అక్కడ చేరాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, స్నానం చేసి, పాపను ఒళ్ళోకి తీసుకున్నాను. అది నన్ను చూసి ముఖం తిప్పుకుంది. రొమ్ము దగ్గరికి తీసుకుంటే చేత్తో తోసేసింది. రెండోసారి తోసేసింది. మూడోసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అత్తయ్య కవర్లోంచి చీర తీశారు. "మీటరు ఏమీ అనలేదుగా? ఇది కప్పుకో."

ఇంకా ఉతకని చీర, పుల్లటి పాల వాసన. కప్పుకున్నాను. పాప కాసేపు అందులో ముక్కు రుద్దింది, చిరాగ్గా తల అటూ ఇటూ తిప్పింది, తర్వాత పట్టుకుంది. చీర వల్లనో, ఆకలి వల్లనో నాకు తెలియదు. అత్తయ్యకు తెలుసు.

చివరి స్క్రూ చుట్టూ ఇన్ఫెక్షన్ ఉందని డాక్టరుగారు చెప్పారు. ఎముక ఎప్పుడో అతుక్కుంది కాబట్టి ప్లేటు తీసేస్తారు. తర్వాత వాడే మందుతో పాలివ్వచ్చు. ఇంత చిన్న చుక్కకా ఇన్నాళ్ళ జ్వరం అని అత్తయ్య ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. పెరుగు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆపరేషను వచ్చే సోమవారం. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి ఫ్రీజర్లో పాల డబ్బాలు చూసొచ్చాను. అన్నిటి మీదా తేదీలు ఉన్నాయి, సరిపోతాయి. సరిపోతాయో లేదో. మత్తు దిగాక ఎన్ని గంటలకు పాలివ్వచ్చో అడిగి కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో.

ఇందాక అన్నం దగ్గర అత్తయ్య అడిగారు, "సోమవారం ఏ చీర విడిచి వెళ్తావు? ఇప్పట్నుంచే కట్టుకో, నీ వాసన పట్టాలిగా."

ఆ పెడన చీరే కట్టుకుని ఉన్నాను.