తొడ మీద ఇస్త్రీ

దర్జీ కుడిచేత్తో మిషను చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో ఖాకీ గుడ్డను సూది కిందికి జరుపుతున్నాడు. పాత గొడుగు పిడినొకదాన్ని చక్రానికి తానే బిగించుకున్నాడు.

ఒకప్పుడు కళ్లు మూసుకుని తొక్కేవాడు. పాదం కింద ఇనుప పలక ఊగే తీరును బట్టే కుట్టు బిగువో వదులో తెలిసేది. నిరుడు వెన్నుపాముకు వాపొచ్చింది. రెండు రోజుల్లో నడుం కింద అంతా మొద్దుబారిపోయింది. మూత్రానికి గొట్టం పెట్టారు. నడుం చుట్టూ ఎవరో కొలతటేపు బిగించి వదలడం మరిచినట్టుండేది. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాడు గాని, స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

పాత అలవాటూ పోలేదు. తొడ మీద మడతగుడ్డ వేసి, కాలరు పరిచి ఇస్త్రీ చేయడం అతని పద్ధతి. వేడి చర్మానికి తగలగానే పెట్టె ఎత్తేవాడు. మొన్న అలాగే ఆనించాడు. కమురు వాసన వస్తే కాలరు తిప్పి తిప్పి చూసుకున్నాడు. దానికేం కాలేదు.

"గుడ్డ కాదండీ, మీ తొడ!" అంటూ భార్య చెంబుతో నీళ్లు కుమ్మరించింది. ఇవాళ అతను మళ్లీ మిషను ముందు కూర్చోగానే అంది: "ఇక చాలు. మిషను అమ్మేద్దాం. పాత సామాన్ల కొట్టాయన్ని సాయంత్రం రమ్మన్నాను."

"ఈ చొక్కా కుదరకపోతే మిషన్ని నేనే మోసుకెళ్లి ఇస్తా."

"మిమ్మల్ని మొయ్యడానికే నేను కావాలి. మిషన్ని కూడానా?"

ఆ చొక్కా బస్సు డ్రైవరుది. రేపే అతని ఆఖరి డ్యూటీ. ముప్పై ఏళ్ల కిందట మొదటి చొక్కాకు దర్జీ అతణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి పళ్లెమిచ్చి, స్టీరింగులా తిప్పించి మరీ చంకల కొలత తీసుకున్నాడు. అప్పుడిద్దరూ పడీపడీ నవ్వారు.

కుట్టయ్యాక ఇస్త్రీ చెక్కపలక మీద, భార్య పది అంకెలు లెక్కపెట్టగానే అతను పెట్టె ఎత్తుతూ ఉంటే సాగింది.

డ్రైవరు వచ్చాడు. "ఏం బావా, నా చొక్కా బతికుందా?"

"నీ పొట్టే బాగా బతికింది. వేసుకో. ఇదిగో, ఆ పళ్లెం ఇలా ఇవ్వు," అన్నాడు దర్జీ, చివరి మాట భార్యతో.

డ్రైవరు స్టూలు మీద కూర్చుని పళ్లెం కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. చంకలో ఎక్కడా పట్టలేదు. భార్య దగ్గరికొచ్చి చంక కుట్టును గోటితో లాగి చూసింది. ఒక్క పోగూ కదల్లేదు.

"అన్నయ్యగారూ, వెళ్లే దారిలో ఆ కొట్టాయనకి రావద్దని చెప్పండి."

 డ్రైవరు విప్పిన చొక్కా దర్జీ అందుకుని, బొత్తాలు పెట్టి, కాలరు నలగకుండా మడిచి అతని చేతుల్లో పెట్టాడు.