బోరు నీళ్లు పోసిన బొమ్మలు

రిటైరయి మూడేండ్లాయె. మోకాళ్లు పట్టుకపోయినయి. అయినా ఆ పొద్దు గుట్ట ఎక్కక తప్పలే. కల్వకుర్తి అవతల, నేను పంతులు కొలువు చేసిన ఊరి గుట్టకు గ్రానైటోళ్లు లీజు అడిగిండ్రు. మీద బండలకు వేల ఏండ్ల కింద గీసిన బొమ్మలున్నయని తేలితే గుట్ట ఆగుతది, లేకుంటే పోతది. అర్జీ పెట్టింది నేనే. చూసిపోను హైదరాబాదుకెల్లి పురావస్తు శాఖ ఆఫీసరు ఒకాయన వచ్చిండు.

తెలంగాణ వచ్చిన ఏడాదే ఆ బడికి బదిలీ అయిన. సోషల్ చెప్పేటోన్ని. గొర్లు కాసే ఒక అవ్వ నన్ను గుట్ట మీదికి తోల్కపోయి, గొడుగు లెక్క వంగిన బండ కింద బొమ్మలు చూపెట్టింది. ఎర్ర జాజు రంగుల పెద్ద మూపురాల ఎద్దులు, ఒక దుప్పి, చేతులు చేతులు పట్టుకొని వరుసగ నిలవడ్డ మనుషులు. ఎద్దులకంటే నాకు ఆ మనుషుల మీదనే పానం. అందరు ఒక్కటే ఎత్తు. ఒకడు పెద్దగ, ఇంకొకడు చిన్నగ లేడు. ఏటేటా పిల్లలను తీస్కపోయి, "ఈ వరుసల రాజు ఎవలో చెప్పుండ్రి" అని అడిగేటోన్ని. పిల్లలు ఎంత దేవులాడినా దొరకకపోయేది. రాజు లేని కాలం గూడ ఒకటుండె అని చెప్పనీకి నాకు ఏ పుస్తకం అక్కర రాలే.

బొమ్మలు మసకగ ఉండేటివి. సీసల నీళ్లు చల్లితే అప్పుడే గీసినట్టు ఎర్రగ లేస్తుండె. పిల్లలు చప్పట్లు కొడ్తుండ్రి, నేను మురుస్తుంటి. మా బడి బోరు నీళ్లకు బిందెలు తెల్లగ సున్నం పడ్తుండె, వారం వారం చింతపండు పెట్టి తోమిస్తుంటి. అవే నీళ్లు ఏండ్ల తరబడి బండకు కొట్టిన. నా సోయి ఏడ పోయిందో!

ఆఫీసరు బండ కింద వంగి చూసిండు. "ఏడున్నయి సార్?" అన్నడు. జర ఆగుండ్రి అని సీస మూత తీసి నీళ్లు చల్లిన. బండ తడిసింది. తెల్లటి పొర కింద ఒక మూపురం సగం కనవడ్డది, అంతే. ఫోన్ల పాత ఫోటోలు చూపెట్టిన. "ఫోటోలు కాదు సార్, రాయి మీద కనవడాలె" అన్నడు. చెడ్డోడు గాదు, చానసేపు ఓపిక పట్టిండు. ఆఖరుకు ఆ పొరను గోరుతోటి గీకి, "దీని మీద ఏం నీళ్లు కొడుతున్నరు?" అని అడిగిండు.

"బోరు నీళ్లు" అన్న. ఆయన కాయితం మీద రాసుకున్నడు.

అవ్వ సుత వచ్చి కింద కూసున్నది. "వాన గూడ తాకని జాగా చూసి గీసిండ్రు సారూ ఆళ్లు" అన్నది మెల్లగ. గంతే. తిట్టినా బాగుండు.

గ్రానైటోళ్లకు లీజు వచ్చింది. గుట్ట సగం లారీలకెక్కింది. పొద్దుగూకితే హోటల్ కాడ చాయ తాగుకుంట ఊరోళ్లు క్వారీవాళ్లను తిడ్తరు, గుట్టను మింగిండ్రని. నేను గూడ ఆళ్లతోటి కూసొని తిడ్త.