పొయ్యి వెలగని రోజు

రాజమండ్రిలో నా ఉద్యోగం ఏమిటో చెబితే మా పేటలో సగం మంది నవ్వుతారు. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కాలిన నేల ఎక్కడుందో వెతికి, దాని చుట్టూ గీత గీస్తాను. దాళ్వా కోతలయ్యాక డెల్టా అంతా వరి కొయ్యలు తగలబెడతారు కాబట్టి వేసవిలో నాకు ఊపిరి సలపదు. కిందటేడు పాత బొమ్మలు కూడా తిరగేసి, ఏ పొలం ఎప్పుడు కాలిందో చరిత్ర తయారుచేయమన్నారు. నేను మొట్టమొదట వెతికింది మా పేట కాలిన రోజునే.

అప్పుడు నాది ఆరో తరగతి. ఆ పొద్దున చద్దన్నం తిని ఒంటిపూట బడికి వెళ్ళాను. మా ఇంట్లో పొయ్యి వెలగనే లేదు. తిరిగొచ్చేసరికి తాటాకిళ్ళన్నీ బూడిద. పక్కనున్నది కామందు చేను, ఆయన మనుషులు కొయ్యలకు నిప్పు పెట్టడం కళ్ళారా చూశానని అమ్మ ఆ సాయంత్రం ఏడుస్తూ నాతో చెప్పింది. ఆయన మాత్రం, మంట మా పొయ్యిలోంచే లేచి తన చేలోకి వచ్చిందన్నాడు. పేటంతా కూలికెళ్ళేది ఆయన దగ్గరికే, అందరూ అవునండి అన్నారు. ఆదివారం పాస్టరు గారు అమ్మను సంఘం ముందు నిలబెట్టి తప్పు ఒప్పుకోమన్నారు. ఒప్పుకుంది. అప్పటినుంచీ గుడిలో అందరికంటే వెనక చాప మీదే కూర్చుంటుంది. కాల్చింది ఆయన, క్షమాపణ అడిగింది మా అమ్మ. ఆ కసి నాకు ఇన్నేళ్ళూ పోలేదు.

ఉపగ్రహం రోజూ మన నెత్తిమీదుగా రాదు. ఆ రోజు వచ్చింది. ఉదయం పది దాటాక తీసిన బొమ్మ. కామందు చేను అప్పటికే సగం నల్లబడింది, పొగ పేటవైపు సాగుతోంది, పేట ఇంకా కాలలేదు. మనుషులు కనిపించేంత స్పష్టంగా లేదు గానీ, ఏది ముందు కాలిందో తెలియడానికి అది చాలు. ఆఫీసులోనే ఏడ్చేశాను.

శనివారం ప్రింటు పట్టుకుని బస్సెక్కాను. మరునాడు అమ్మను అదే సంఘం ముందు ఈ కాగితంతో నిలబెట్టాలని నా పంతం. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, నేను వేలితో చూపించిందల్లా శ్రద్ధగా చూసింది.

"చూశావా? చేను తగలబడేటప్పటికి మనిల్లు నిక్షేపంలా ఉంది. నీ తప్పేం లేదమ్మా."

"అదేంటే? పొయ్యి ఆర్పకుండా నీళ్ళకెళ్ళింది నేనే కదా."

"ఆ రోజు పొయ్యే వెలిగించలేదు. చద్దన్నం పెట్టి పంపావు నన్ను."

"వెలిగించానే. నాకు బాగా గుర్తు. రవ్వ ఎగిరి చూరుకి అంటుకోవడం కూడా చూశాను." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "పోయిన మనిషి, ఆయన్ని ఆడిపోసుకోకు."

మరునాడు గుడిలో అమ్మ పక్కన, వెనక చాప మీదే కూర్చున్నాను. ప్రింటు సంచిలోంచి తీయలేదు. తీస్తే, లేచి కాదనేది మా అమ్మే.